హార్మోనిక్స్ మీటరు కొనేముందు క్లాంపు చూడాలి

ఒక రైస్ మిల్లు అనుకుందాం. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగైదు పెద్ద మోటార్లకు వేగం మార్చే డ్రైవులు, బియ్యం రంగు చూసి ఏరే సార్టెక్స్ మెషిన్, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో అసలు పనికి వాడుకునే వంతు) పెంచడానికి ఒక కెపాసిటర్ ప్యానెల్. ఏడాదిన్నరలో కెపాసిటర్లు రెండుసార్లు ఉబ్బిపోయాయి. ఫ్యూజులు ఊరికే ఎగిరిపోతున్నాయి. ఆఫీసు వైపు వెళ్లే న్యూట్రల్ వైరు ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూస్తే ఓల్టేజీ బాగానే ఉంది, ఆంపియర్లూ రేటింగ్ దాటలేదు. చివరికి ఎవరో "హార్మోనిక్స్ అయ్యుంటాయి, కొలిపించండి" అంటారు. అక్కడి నుంచి మీటరు కోసం వెతుకులాట మొదలవుతుంది. ఒకవైపు లక్షల రూపాయల పవర్ క్వాలిటీ అనలైజర్లు, మరోవైపు ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరికే, హార్మోనిక్స్ కూడా చూపిస్తామని చెప్పే మీటర్లు.

ఈ రెండిటి మధ్య ధర చూసి తేల్చుకుంటే చాలాసార్లు డబ్బు వృథా అవుతుంది. ముందు ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేలాలి. ఆ తర్వాత చూడాల్సింది తెర మీద బొమ్మలు కాదు, వైరు చుట్టూ బిగించే క్లాంపు.

హార్మోనిక్స్ అంటే 50 హెర్ట్జ్ కరెంటుతో పాటు ప్రవహించే దాని గుణిజాలు. మూడోది 150 హెర్ట్జ్, ఐదోది 250, ఏడోది 350, అలా పైకి పోతాయి. మామూలు హీటరు ఓల్టేజీ ఎలా పెరిగి తగ్గితే అలాగే సాఫీగా కరెంటు తీసుకుంటుంది. డ్రైవు, ఎల్‌ఈడీ బల్బు, కంప్యూటర్ అలా కాదు. ఓల్టేజీ శిఖరానికి చేరే వేళ గుటుక్కున మింగినట్టు కొద్దిసేపు లాగి వదిలేస్తాయి. ఏ యంత్రం ఏ హార్మోనిక్‌ను పుట్టిస్తుందో చాలావరకు ముందే తెలుసు. త్రీఫేజ్ డ్రైవుల్లో సాధారణంగా ఆరు డయోడ్ల రెక్టిఫయర్ ఉంటుంది కాబట్టి 5, 7, 11, 13 వస్తాయి. సింగిల్ ఫేజ్ మీద నడిచే కంప్యూటర్లు, ఎల్‌ఈడీ లైట్లు ప్రధానంగా మూడోదాన్ని పుట్టిస్తాయి. మూడు ఫేజుల్లోని మూడో హార్మోనిక్స్ న్యూట్రల్‌లో రద్దు కావు, ఒకదానికొకటి కలుస్తాయి. ఇలాంటి లోడు మరీ ఎక్కువైతే న్యూట్రల్‌లో ఫేజు కరెంటుకు 1.73 రెట్ల వరకు ప్రవహించవచ్చు.

పాత రకం టాంగ్ టెస్టర్‌కు ఇది ఎందుకు కనబడదంటే, అది కొలిచేది సగటును. ఆ సగటును 1.11తో హెచ్చవేసి ఆర్ఎంఎస్ విలువగా, అంటే వేడి పుట్టించే అసలు విలువగా, చూపిస్తుంది. ఆ 1.11 స్వచ్ఛమైన సైన్ తరంగానికి మాత్రమే సరిపోతుంది. ముక్కలు ముక్కలుగా వచ్చే కరెంటు దగ్గర అలాంటి మీటరు 30 నుంచి 40 శాతం దాకా తక్కువ చూపించవచ్చు. అంటే వైరును వేడెక్కిస్తున్న అసలు ఆంపియర్లు తెర మీదికి రావడమే లేదు. కాబట్టి మొదటి ఖర్చు ట్రూ ఆర్ఎంఎస్ టాంగ్ టెస్టర్ మీదే పెట్టాలి. మంచిది కొన్ని వేలల్లో వస్తుంది. అది హార్మోనిక్స్‌ను విడివిడిగా చూపించదు, కానీ దానితో తేలే విషయాలు చాలామంది అనుకునేదాని కంటే ఎక్కువ.

న్యూట్రల్ సంగతి చూద్దాం. మూడు ఫేజుల్లోనూ తలా 50 ఆంపియర్లు ఉన్నాయి, లోడ్లు ఒకే రకానివి, అయినా న్యూట్రల్‌లో 45 ఆంపియర్లు కనిపించాయి అనుకోండి. లోడు సమానంగా ఉన్నప్పుడు న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండకూడదు. ఆ 45ను మూడుతో భాగిస్తే ఫేజుకు 15 ఆంపియర్ల మూడో హార్మోనిక్ ఉందన్నమాట, అంటే అసలు 50 హెర్ట్జ్ భాగంలో 31 శాతం పైచిలుకు. అనలైజర్ లేకుండానే జవాబు వచ్చింది.

కెపాసిటర్ల దగ్గర పరీక్ష ఇంకా సూటిగా ఉంటుంది. 440 ఓల్టుల, 25 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యానికి కొలమానం) కెపాసిటర్ 415 ఓల్టుల మీద దాదాపు 31 ఆంపియర్లు తీసుకోవాలి. ట్రూ ఆర్ఎంఎస్ మీటరు 40 చూపిస్తే, వర్గాల లెక్క ప్రకారం (40 వర్గంలోంచి 31 వర్గం తీసేసి వర్గమూలం కడితే) 25 ఆంపియర్ల హార్మోనిక్స్ దాంట్లోకి వెళ్తున్నాయి. అదే వైరు మీద పాత మీటరు అంతకంటే తక్కువ చూపిస్తే అనుమానం మరింత బలపడుతుంది. ఎల్‌టీ (లో టెన్షన్) పవర్ కెపాసిటర్ల ప్రమాణాలు సాధారణంగా రేటెడ్ కరెంటుకు 1.3 రెట్ల వరకే ఒప్పుకుంటాయి. ఆ గీతకు దగ్గరలో రోజంతా నడిచే కెపాసిటర్ ఉబ్బకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి.

తెలుగు రాష్ట్రాల్లోని మిల్లులకు ఈ కెపాసిటర్ల గొడవ ప్రత్యేకంగా పట్టించుకోదగ్గది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు, ఎల్‌టీ పరిశ్రమల్లో చాలావాటికి బిల్లు మామూలు కిలోవాట్-అవర్ యూనిట్లలో కాక కేవీఏహెచ్‌లలో వస్తుంది. పవర్ ఫ్యాక్టర్ తగ్గితే బిల్లు పెరుగుతుంది, అందుకే కెపాసిటర్లు పెట్టిస్తారు. అయితే హార్మోనిక్స్ వల్ల పడిపోయిన పవర్ ఫ్యాక్టర్‌ను కెపాసిటర్ బాగుచేయలేదు. కరెంటు టీహెచ్‌డీ, అంటే మొత్తం హార్మోనిక్ వక్రీకరణ, 80 శాతం ఉన్న డ్రైవుకు మిగతాదంతా సవ్యంగా ఉన్నా పవర్ ఫ్యాక్టర్ 0.78 దాటదు. చోక్ (కరెంటును సాఫీ చేసే కాయిల్) లేని చిన్న డ్రైవుల్లో ఆ 80 శాతం అసాధారణమేమీ కాదు. ఇది తెలియక ఇంకో కెపాసిటర్, ఇంకో కెపాసిటర్ అని కలుపుకుంటూ పోతారు.

అలా కలిపితే ఏమవుతుందో అంకెల్లో చూడాలి. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపిడెన్స్ 4.5 శాతం అయితే, పైనున్న లైనును లెక్కలోంచి తీసేస్తే, దాని షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం దాదాపు 5,555 కేవీఏ. దాన్ని కెపాసిటర్ల కేవీఏఆర్‌తో భాగించి వర్గమూలం తీస్తే ఆ జంట ఏ హార్మోనిక్ దగ్గర రెజొనెన్స్‌లోకి వెళ్తుందో తెలుస్తుంది. 25 కేవీఏఆర్ స్టెప్పులు (ప్యానెల్ ఒక్కొక్కటిగా కలిపే కెపాసిటర్లు) నాలుగు పడితే 7.45, ఐదోది కూడా పడితే 6.67. డ్రైవులు పుట్టించే ఏడో హార్మోనిక్ సరిగ్గా ఆ రెండిటి మధ్య ఉంది. రెజొనెన్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ ఆ ఏడోదాన్ని ఒకదాని మీదికి ఒకటి విసురుకుంటూ పెంచేస్తాయి. ప్యానెల్ తనంతట తాను స్టెప్పులు వేస్తూ తీస్తూ ఉంటుంది కాబట్టి సమస్య కొన్ని గంటల్లో ఉంటుంది, కొన్ని గంటల్లో మాయమవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు అంతా బాగున్నట్టు కనిపించడంలో వింత లేదు.

ఏ మీటరు కావాలో కూడా ఈ లెక్కే చెప్తుంది. ఈ మిల్లుకు టీహెచ్‌డీ అనే ఒక్క అంకె చూపించే మీటరు చాలదు. 5, 7, 11, 13 విడివిడిగా కనబడాలి, మూడు ఫేజులూ ఒకేసారి కొలవాలి, కెపాసిటర్ స్టెప్పులు మారుతున్న కొద్దీ అంకెలు రికార్డు కావాలి. అదే సమయంలో 50వ హార్మోనిక్ దాకా చూపించే సామర్థ్యానికి ఇక్కడ డబ్బు పెట్టక్కర్లేదు. 25 దాకా వస్తే ధారాళంగా సరిపోతుంది.

టీహెచ్‌డీ అంకెలోనే రెండు మెలికలున్నాయి. కొన్ని మీటర్లు హార్మోనిక్స్‌ను 50 హెర్ట్జ్ భాగంతో పోల్చి శాతం చెప్తాయి, కొన్ని మొత్తం ఆర్ఎంఎస్‌తో పోలుస్తాయి. మొదటి లెక్కలో 80 శాతం అయినది రెండో లెక్కలో 62.5 అవుతుంది. ఓల్టేజీలో ఉండే 3, 4 శాతం దగ్గర తేడా తెలియదు. కరెంటు దగ్గర మాత్రం ఇద్దరు టెక్నీషియన్లు పోట్లాడుకునేంత తేడా వస్తుంది. ఏ లెక్కో మాన్యువల్‌లో రాయని మీటరును పక్కన పెట్టేయడం మంచిది.

రెండో మెలిక, శాతం మాత్రమే చూసి బెదిరిపోవడం. రాత్రి మిల్లు ఆగాక 50 హెర్ట్జ్ కరెంటు 20 ఆంపియర్లే ఉండి టీహెచ్‌డీ 40 శాతం వచ్చిందంటే హార్మోనిక్స్ 8 ఆంపియర్లు మాత్రమే. మిల్లు గరిష్ఠ డిమాండు 300 ఆంపియర్లయితే దానిమీద ఆ 8 ఆంపియర్లు 2.7 శాతం. ఇలా గరిష్ఠ డిమాండుతో పోల్చే అంకెను టీడీడీ అంటారు. ఐఈఈఈ 519 ప్రమాణం కరెంటుకు పెట్టే పరిమితి దీనిమీదే. ఓల్టేజీ విషయంలో 2014, 2022 కూర్పుల్లో ఆ ప్రమాణం ఒక కిలోవోల్టు లోపు 8 శాతం, ఆపైన 69 కిలోవోల్టుల దాకా 5 శాతం టీహెచ్‌డీని ఒప్పుకుంటుంది. ఇవన్నీ వినియోగదారుడి వ్యవస్థ, పంపిణీ సంస్థ వ్యవస్థ కలిసే చోటికి వర్తిస్తాయి. డ్రైవు టెర్మినల్ దగ్గర 60 శాతం చూసి "ప్రమాణం దాటిపోయింది" అనడం చాలా తరచుగా జరిగే పొరపాటు. హెచ్‌టీ కనెక్షన్ అయితే ఆ కలిసే చోటు 11 కేవీ వైపు ఉంటుంది. ఎల్‌టీ వైపు కొలిచిన మూడో హార్మోనిక్‌లో మూడు ఫేజుల్లో సమానంగా ఉన్న భాగం డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ దాటి అక్కడికి చేరదు కూడా. సీలు వేసిన మీటరింగ్ సీటీల (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల) జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

ఐఈసీ 61000-4-30 ప్రమాణంలో ఉన్న క్లాస్ ఏ (కచ్చితమైన కొలతకు), క్లాస్ ఎస్ (మామూలు సర్వేలకు) అనే మాటలకు అర్థం ఇక్కడే ఉంది. పంపిణీ సంస్థతో వివాదం, ఒప్పందంలో హామీ ఇచ్చిన హార్మోనిక్ ఫిల్టర్ పనితీరు వంటివి తేల్చాలంటే కొలత పద్ధతి కూడా నిలబడాలి. అప్పుడు క్లాస్ ఏ కావాలి. అది 50 హెర్ట్జ్‌లో పది సైకిళ్లు, అంటే 200 మిల్లీసెకన్లు, ఒక కిటికీగా తీసుకుని వాటిని 3 సెకన్లకు, 10 నిమిషాలకు కూడగడుతుంది. ఐఈఈఈ 519 ప్రకారం వారం రోజుల 10 నిమిషాల విలువల్లో 95 శాతం పరిమితి లోపల ఉండాలి కాబట్టి ఏడు రోజుల రికార్డు లేకుండా పాస్, ఫెయిల్ అనే మాటే రాదు. ఇలాంటి అవసరం ఒక చిన్న మిల్లుకు పదేళ్లలో ఒకటి రెండుసార్లు వస్తే గొప్ప. దానికోసం లక్షలు పోసి కొనేకంటే వారం రోజులకు అద్దెకు తెచ్చుకోవడం, లేదా ఎనర్జీ ఆడిటర్ చేత కొలిపించడం తెలివైన పని. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌దేనా, గడువు లోపలే ఉందా అన్నది ఆ వారం మొదలవకముందే అడిగి చూసుకోవాలి.

ఇక అసలు విషయం, క్లాంపు. హార్మోనిక్స్ కొలతల పద్ధతిని చెప్పే ఐఈసీ 61000-4-7లో క్లాస్ 2 పరికరానికి కరెంటు దగ్గర ఒక సడలింపు ఉంది. హార్మోనిక్ విలువ రేంజిలో 10 శాతం కంటే తక్కువైతే, రేంజిలో 0.5 శాతం దాకా తప్పు ఒప్పుకుంటారు. చదవడానికి చిన్న మాటే. కానీ 1000 ఆంపియర్ల క్లాంపుకు 0.5 శాతం అంటే 5 ఆంపియర్లు. 30 ఆంపియర్ల డ్రైవులో ఐదో హార్మోనిక్ 9 ఆంపియర్లు ఉందనుకుంటే, ఆ మీటరు 4 చూపించినా 14 చూపించినా ప్రమాణం లోపల ఉన్నట్టే. అదే మీటరుకు 50 ఆంపియర్ల క్లాంపు తగిలిస్తే ఆ 9 ఆంపియర్లు రేంజిలో 10 శాతం దాటతాయి కాబట్టి ఒప్పుకునే తప్పు ఆ విలువలో 5 శాతమే, అంటే అర ఆంపియరు లోపలికి దిగుతుంది. మీటరు మార్చలేదు, క్లాంపు మార్చాం, అంతే. అందుకే రెండు మూడు రేంజుల క్లాంపులు తగిలించుకునే వీలున్న మధ్యరకం మీటరు, ఒకే పెద్ద క్లాంపుతో వచ్చే ఖరీదైన మీటరు కంటే చాలాచోట్ల ఎక్కువ పనికొస్తుంది. బస్‌బార్ చుట్టూ తాడులా చుట్టే రోగోస్కీ కాయిల్ పెద్ద కరెంటులకు బాగుంటుంది, శాచురేషన్ (ఇనుప కోరు నిండిపోయి రీడింగు చెడటం) సమస్య ఉండదు. చిన్న కరెంటుల దగ్గర మాత్రం దాన్ని నమ్మకూడదు. వైరు కాయిల్ మధ్యలో ఉందా, పక్కకు జరిగిందా అన్నదాన్ని బట్టి కూడా రీడింగు మారుతుంది.

శాశ్వతంగా నిఘా కోసం అయితే ప్యానెల్ తలుపు మీద బిగించే మల్టీఫంక్షన్ మీటరే అన్నిటికంటే చవకైన మంచి ఎంపిక. 96 మిల్లీమీటర్ల చదరపు మీటర్లలో విడివిడి హార్మోనిక్స్ 15 దాకానో 31 దాకానో చూపించేవి ఉన్నాయి. ఆర్ఎస్ 485 పోర్టు ఉంటే ఆ అంకెలను కంప్యూటర్‌లోకి లాగి రికార్డు చేయవచ్చు. ఒకే సిరీస్‌లో ఒక మోడల్‌లో టీహెచ్‌డీ మాత్రమే ఉండి, పక్క మోడల్‌లో విడి హార్మోనిక్స్ ఉంటాయి. కొనేటప్పుడు పేరు కాకుండా మోడల్ నంబరు చూసి డేటాషీట్ చదవాలి. కెపాసిటర్ ప్యానెల్ ఫీడరు మీద ఒకటి, ఇన్‌కమర్ (మెయిన్ సప్లయి లోపలికి వచ్చే చోటు) మీద ఒకటి పెడితే పైన చెప్పిన ఏడో హార్మోనిక్ కథ వారంలో బయటపడుతుంది.

చేతిపని ఇష్టమైనవాళ్లు ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో సొంతంగా చేసుకోవాలని చూస్తారు. ఉత్సాహం మంచిదే, నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. కొలతగా మాత్రం దాన్ని నమ్మాలంటే జాగ్రత్తలు కావాలి. ఆర్డుయినో ఊనో ఒక రీడింగు తీసుకోవడానికి మామూలుగా 100 మైక్రోసెకన్ల పైన పడుతుంది. ఓల్టేజీ, కరెంటు రెండూ చదివితే ఒక్కోదానికి సెకనుకు 5,000 కంటే తక్కువ శాంపిల్సే వస్తాయి. ముందు ఫిల్టరు లేకుండా 5,000 చొప్పున తీస్తే, పక్కనున్న డ్రైవు స్విచింగ్ నుంచి వచ్చే 4,750 హెర్ట్జ్ రొద సరిగ్గా 250 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. లేని ఐదో హార్మోనిక్ ఉన్నట్టు కనబడుతుంది. పైగా 100 ఆంపియర్ల క్లాంపుతో 5 ఆంపియర్ల లోడు కొలిస్తే, రీడింగును ఊనో విడగొట్టే 1,024 మెట్లలో 50 మెట్లే వాడుకున్నట్టు. ఈఎస్‌పీ 32 అనే బోర్డులో మెట్లు ఎక్కువ, కానీ దాని ఏడీసీ (ఓల్టేజీని అంకెగా మార్చే భాగం) వంకరే హార్మోనిక్స్‌ను కలుపుతుంది. ఏటీఎం 90ఈ36ఏ లాంటి ఎనర్జీ మీటరింగ్ చిప్పు ఉన్న బోర్డు తీసుకుంటే, 32వ హార్మోనిక్ దాకా లెక్క కట్టే పని చిప్పులోనే ఉంటుంది. తప్పులకు దారులు చాలావరకు మూసుకుపోతాయి.

ఒసిలోస్కోపు (తరంగం ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) ఉన్నవాళ్లకు తరంగాన్ని హార్మోనిక్స్‌గా విడగొట్టే ఎఫ్‌ఎఫ్‌టీ బటన్ ఉంటుంది. చవక స్కోపుల్లోని 8 బిట్ల ఏడీసీ కూడా కరెంటు తరంగం ఆకారం, పెద్ద హార్మోనిక్స్ చూడటానికి చాలు. ప్రాణం మీదికి తెచ్చే విషయం ఒక్కటి. మామూలు స్కోపు ప్రోబు గ్రౌండు క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని ఫేజుకు తగిలిస్తే ఆ క్షణమే షార్ట్ సర్క్యూట్. ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ స్కోపులతో అయితే ల్యాప్‌టాప్ పట్టుకున్న మనిషికి షాకు. డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌కు కలవకుండా రెండు వైర్ల మధ్య ఓల్టేజీ చూపే ప్రోబు) లేకుండా మెయిన్స్ ఓల్టేజీ చూడకూడదు. ఏ మీటరు కొన్నా డిస్ట్రిబ్యూషన్ ప్యానెల్లో వాడటానికి క్యాట్ 3, సర్వీసు వైరు వచ్చే చోట క్యాట్ 4 భద్రతా రేటింగు ఉండాలి. డబ్బు మిగుల్చుకోకూడని చోటు ఇదొక్కటే.

మీటరు చేతికొచ్చిన రోజే ఇంట్లో ఉన్న సామానుతో దాన్ని పరీక్షించవచ్చు. మొదట పాత కాయిల్ హీటరు. అది శుద్ధమైన రెసిస్టెన్స్ కాబట్టి ఓల్టేజీలో ఎంత టీహెచ్‌డీ ఉందో కరెంటులోనూ దాదాపు అంతే కనబడాలి. ఓల్టేజీ 3 శాతం, కరెంటు 7 శాతం అని చూపిస్తే క్లాంపు అబద్ధం చెప్తోంది. తర్వాత 200 వాట్ల ఫిలమెంటు బల్బుకు ట్రయాక్ డిమ్మర్ కలిపి, బల్బు దగ్గర ట్రూ ఆర్ఎంఎస్ ఓల్టేజీ సప్లయిలో 0.707 వంతుకు, అంటే 230కి 163 ఓల్టులకు, వచ్చేదాకా తిప్పాలి. అప్పుడు ట్రయాక్, అంటే డిమ్మర్ లోని స్విచ్చు, ప్రతి అర తరంగంలో సరిగ్గా సగం దగ్గర తెరుచుకుంటోంది. ఆ స్థితిలో కరెంటు ఎలా ఉండాలో గణితం చెప్తుంది: టీహెచ్‌డీ 65 శాతం, మూడో హార్మోనిక్ 54 శాతం, ఐదు, ఏడు చెరో 18 శాతం. మెయిన్స్‌లో ఉండే వక్రత వల్ల ఒకటి రెండు శాతం అటూఇటూ కావచ్చు. బల్బు కరెంటు ఒక ఆంపియరు కూడా ఉండదు కాబట్టి ఇన్సులేషన్ ఉన్న వైరును క్లాంపు లోంచి పది చుట్లు తిప్పితే మీటరుకు పది రెట్లు కనబడుతుంది. మూడోది 54కు బదులు 40 వస్తే, కొన్నచోట తిరిగి ఇచ్చేయడానికి గడువు ఎన్నాళ్లుందో చూసుకోవాలి.